ఓరిమి పందెము

లోకమున పందెము లేని దేశము లేదు. పందెమును చూచుటకు వేడుకపడని జనులును లేరు. మన గోదావరి సీమలో సంక్రాంతి వచ్చినదనిన ఎడ్లపందెములు, పడవపందెములు, చట్టము కాదన్నను మానని కోడిపందెములు ఎట్లు సాగునో చదువరులకు చెప్పనక్కరలేదు. పందెములను కొంచెము విమర్శించి చూచిన అవి రెండు తెగలుగా కానవచ్చును. ఒకటి త్వరకు పెట్టునది. రెండవది ఓరిమికి పెట్టునది. మొదటిదానిలో కన్నుమూసి తెరచునంతలో గెలుపోటములు తేలిపోవును. రెండవదానిలో ప్రొద్దు గ్రుంకవలెను, రాత్రి గడవవలెను, వాన కురిసిన తడియవలెను, యంత్రము చెడిన బాగుచేసికొనవలెను. అటుపిమ్మటగాని ఎవరు గట్టివారో తెలియదు. మేము నేడు ప్రస్తావింపబూనినది ఈ రెండవ తెగలో లోకప్రసిద్ధమైన యొక పందెమును గూర్చి. అది ఫ్రాన్సు దేశమున లమాన్ పట్టణమునొద్ద ఏటేట జరుగు 24 గంటల మోటారు పందెము. అందును 1955 వ సంవత్సరము జూన్ 11, 12 తేదీలలో జరిగినది.

సంసారులు చదువుకొను పత్రికలో మోటారు పందెముల గొడవ యేల యని కొందరు సోదరీమణులు మమ్మడుగవచ్చును. ఇంటికిని, బడికిని, పెండ్లికిని సంబంధించిన సంస్కరణములే ఎన్నియో మిగిలియుండగా పరదేశపు బండ్ల పరుగుతో మనకేమి పని యని వారి యాక్షేపణ. ఆ యాక్షేపణ న్యాయమైనదే. కాని యీ పందెము మేము పిలువకయే మా యింటి వసారాలోనికి వచ్చి కూర్చున్నది. అది వచ్చిన విధమును ముందు విన్నవించెదము.

మేము పోలవరమున కాపురమున్నవారము. పాపికొండల యిరుకునుండి వెలువడిన గోదావరి మా యూరిని ఒరసికొనుచు మైదానమునకు దిగును. ఇచటినుండి పట్టిసీమ, గూటాల, తాళ్లపూడి మీదుగా కొవ్వూరునకు పోవు బాట చాలభాగము ఏటిగట్టు నంటియే నడచును. ఆ బాట బండ్లకొరకు మాత్రమే యేర్పడినదని పరస్థలమువారు తలంతురు. గట్టు ప్రక్కనున్న పల్లెలవారికి అదియే కళ్లము, అదియే అరుగు, అదియే పిల్లల యాటస్థలము. కోతలైన పిమ్మట ధాన్యమును దానిమీదనే యారబోయుదురు. ప్రొద్దువాలిన పిమ్మట ముసలివారు గాలికై గట్టున చేరుదురు. తెల్లవారుజామున పాలవారును, కూలికి పోవు స్త్రీలును, గేదెలను తోలుకొనిపోవు కుర్రవాండ్రును ఆ బాటనే పోవుదురు.

మా మేనల్లుడు ఇరువదియేండ్లవాడు. రాజమహేంద్రవరమున ఇంజనీరింగు చదువుచున్నాడు. తెలివిగలవాడు, చేతిపనివాడు, చెడిన మోటారు సైకిలును ఊడదీసి మరల బిగించుటలో మా యూరి మెకానిక్కులకు తీసిపోడు. క్రిందటి సంక్రాంతి సెలవులకు వచ్చినపుడు వాడును, వాని స్నేహితులు పదిమందియు నొక యాలోచన చేసిరి. రాత్రి తొమ్మిది గంటలు మొదలుకొని తెల్లవారువరకు కొవ్వూరునకును పోలవరమునకును నడుమ మోటారు సైకిళ్లపై ఆగక తిరుగుటయు, తెల్లవారుసరికి ఎవ్వడు ఎక్కువ మారులు తిరిగియుండునో వానికి తక్కినవారు సొమ్ము చెల్లించుటయు నా యాలోచన. ఈ సంగతి మా అక్కగారికి తెలిసినది. ఆమె వానిని వెంటబెట్టుకొని మాయొద్దకు వచ్చెను.

"మావయ్యా, మీరు చదువుకున్నవాళ్లు. మీరు కూడా అమ్మలా భయపడితే ఎలాగండీ? మేం వేగానికి పందెం వెయ్యటం లేదు, ఓర్పుకి వేస్తున్నాం. లమాన్‌లో జరిగేది ఇదే కదా! ప్రపంచమంతా మెచ్చుకుంటోంది కదా!" అని వాడు మొదలుపెట్టెను.

"ప్రాణం మీదికి వస్తేనో?" అని అక్కగారు.

"పడితే మేమే పడతాం. మా ప్రాణం మా ఇష్టం."

"వాడి ప్రాణం వాడిదిట! కన్నదాన్ని నేనుండగా వాడొక్కడిదే ఎలా అవుతుందిరా తమ్ముడూ?" అని ఆమె మా వంక చూచెను.

ఆమె ప్రశ్న తల్లి ప్రశ్న. దానికి లోకములోని బిడ్డలందరును ఏదో యొక యుత్తరము చెప్పుచునే యున్నారు. చెప్పి యుద్ధములకు పోయిరి, సముద్రములు దాటిరి, కొండలెక్కిరి. తల్లి భయపడుననుటచేతనే సాహసము మానవలెననిన లోకమున ఏ క్రొత్తపనియు జరుగదు. కావున మేమా వాదమును పట్టుకొనలేదు. మా మనస్సున మెదలినది మరియొకటి. మా యింట పాలుపోయు నామె క్రిందటియేడు తెల్లవారుజామున గట్టుబాటను వచ్చుచుండగా, స్నేహితునితో పందెము వేసికొని వచ్చుచున్న యొక కుర్రవాని మోటారు సైకిలు తగిలి తుంటియెముక విరిగినది. మూడునెలలు మంచమున పడియున్నది. ఆమె యే పందెమును వేయలేదు. పందెము జరుగుచున్నదని యామెకు తెలియనైన తెలియదు. "మా ప్రాణం మా ఇష్టం" అను మాటలో ఆమె యెముక ఎచట నున్నది? అందుచే మేము మేనల్లునితో "సరే, నీవు లమాన్ పేరెత్తితివి గనుక లమాన్ సంగతియే మాటలాడుకొందము, కూర్చుండు" మంటిమి. ఆ రాత్రి మా వసారాలో జరిగిన ప్రసంగమును ఈ వ్యాసమునకు మూలము.

లమాన్ పందెము 1923 వ సంవత్సరము మేనెలలో మొదలైనది. అప్పటికి త్వరకు పెట్టు పందెములు ఎన్నియో యుండెను. వానిలో పరుగెత్తు బండ్లు పరుగునకుతప్ప మరిదేనికిని పనికిరావు. ఆ బండ్లవలన సంసారులకు కలుగు లాభమేమి యను ప్రశ్న పుట్టి, దానికి సమాధానముగా ఈ పందెమును ఏర్పరచిరి. మార్గము జనులు నిత్యము నడచు రాజబాటలను కలిపి చేసిన వలయము. పగలును రాత్రియు, ఎండలోను వానలోను నడువవలెను గనుక దీపములు వెలుగవలెను, బ్రేకులు పట్టవలెను, టైర్లు నిలువవలెను. అంగడిలో కొనబోవు బండి మన్నునో మన్నదో అందరియెదుట తేల్చిచూపుటయే దాని యుద్దేశము. ఆ మొదటి యేట గెలిచినవారు 24 గంటలలో 2,209 కిలోమీటర్లు నడపిరి. అనగా గంటకు ఇంచుమించు 92 కిలోమీటర్లు.

ఈ యుద్దేశము వట్టిమాటగా పోలేదు. 1953 వ సంవత్సరమున జాగ్వార్ వారి బండి డిస్కు బ్రేకులతో ఈ పందెమున గెలిచినది. రాత్రియెల్లను మరల మరల అదిమినను ఆ బ్రేకులు పట్టు సడలలేదు. ఆ పిమ్మట అవి లోకమంతటను వ్యాపించినవి. మా మేనల్లుని మోటారు సైకిలు ముందుచక్రమునకున్నదియు నట్టి బ్రేకే. ఈ సంగతి చెప్పగానే వాని మొగము వికసించినది. "చూశావా అమ్మా!" యనెను. పందెమువలన మేలు లేదని మేమనుట లేదు. ఉన్న మేలును ఒప్పుకొనకుండ యువకులతో వాదించుట వ్యర్థము.

ఇక ఓరిమి మాట. ఈ పందెపు చరిత్రలో ఓరిమికి మారుపేరైన మనుష్యుడొకడు కలడు. వానిపేరు పియేర్ లెవెగ్. 1952 వ సంవత్సరమున వాడు టాల్బోబండిని నడుపుచు, తనకు మారుగా నడుపవలసిన జతగానికి చక్రమును ఈయక, ఇంచుమించు 23 గంటలు ఒక్కడే కూర్చుండెను. రాత్రి గడచినది, తెల్లవారినది, మధ్యాహ్నమైనది. అందరికంటెను ఎన్నో చుట్లు ముందుండెను. గడువింకను గంటకు పైబడి యున్నదనగా ఇంజను చెడినది. బండి నిలిచిపోయినది. గెలుపు మెర్సిడిస్ వారికి దక్కినది. ఆ యోరిమిని గుర్తుంచుకొనియే మెర్సిడిస్ వారు మూడేండ్లకు వానిని తమ బండి నడుపుటకు పిలిచిరని చెప్పుదురు. అప్పటికి వానికి 49 ఏండ్లు.

అది 1955 జూన్ 11 వ తేదీ. రెండు లక్షలకు పైబడిన జనులు చూడవచ్చిరి. సాయంకాలము నాలుగు గంటలకు పందెము మొదలైనది. ఆరున్నర గంటల వేళ, జనులు క్రిక్కిరిసియున్న ముఖ్యస్థలమున, జాగ్వార్ నడుపుచున్న మైక్ హాథార్న్ తన బండిని నూనెకును మరమ్మతునకును నిలుపు పంచకు చేర్చుటకై బ్రేకువేసెను. ఆ పంచలకును పరుగుబాటకును నడుమ ఆనాడు అడ్డుగోడ లేదు. వెనుకనున్న లాన్స్ మాక్లిన్ తన ఆస్టిన్ హీలీ బండిని ప్రక్కకు తిప్పెను. దానివెనుక గంటకు ఇంచుమించు 240 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్న లెవెగు బండి దాని వాలుతోకపైకెక్కి గాలిలోనికి లేచి, జనులకు అడ్డముగానున్న మట్టికట్టను కొట్టుకొన్నది. ఇంజనును, ముందుఇరుసును, బండి పైరేకును విడిపోయి జనసమూహములోనికి దూసికొనిపోయినవి. బండి యొడలు మెగ్నీషియము కలిపిన లోహముతో చేసినది యగుటచే తెల్లని మంటతో కాలినది. నీరు చల్లినకొలది మంట హెచ్చినదేకాని తగ్గలేదు. లెవెగును, చూడవచ్చిన 83 మందియు మరణించిరి. గాయపడినవారు నూరుమందికి పైబడియుండిరి.

ఇచట మేము మేనల్లుని నొక ప్రశ్న వేసితిమి: "ఆనాడు చక్రము పట్టినవారిలో చచ్చినవాడు ఒక్కడు. గట్టున నిలిచినవారిలో చచ్చినవారు 83 మంది. ఇక చెప్పుము, పడితే పడునది ఎవరు?" వాడు చాలసేపు మాటలాడలేదు. అక్కగారును మాటలాడలేదు.

ప్రభుత్వమువారు విచారణ జరిపి, ఏ యొక్క చోదకుని తప్పును కాదని తేల్చిరి. తప్పు ఆ స్థలపు కట్టడిలో నున్నదనిరి. ఆ తీర్పులోని లోతును చదువరులు గమనింపవలెను. 1923 లో 24 గంటలకు 2,209 కిలోమీటర్లు నడచిన పందెము 1955 లో 4,135 కిలోమీటర్లు నడచినది. బండ్ల వేగము ఇంచుమించు రెండింతలైనది. జనులకును బండ్లకును నడుమ నున్నది మాత్రము పూర్వమువలెనే మట్టికట్ట. వేగమును పెంచుటకు పనివారు, ధనము, బుద్ధి, పోటీ అన్నియు కలవు. కట్టను పెంచుటకు పోటీ లేదు. గట్టుమీది మనుష్యునికి బహుమతి లేదు గనుక వానిని గూర్చి యాలోచించువాడును లేడు. ఇది ఫ్రాన్సువారి దోషము మాత్రమే కాదు. కొత్తబండి వచ్చినపుడు పాతబాట దానికి చాలునా యని అడుగకుండుట మన దేశమున నిత్యము జరుగుచున్న పని.

అంత ఘోరము జరిగినను పందెమును ఆపలేదు. నిర్వాహకులు చెప్పిన కారణమిది: ఆపినచో లక్షలకొలది జనులు ఒక్కమారు బాటలపై బడుదురు, గాయపడినవారిని మోయు బండ్లకు దారియుండదు. ఈ కారణమును వట్టి సాకని త్రోసివేయుటకు వీలులేదు; అందు కొంత వివేకము కలదు. అయినను శవములను మోయుచుండగా ప్రక్కనే బండ్లు పరుగెత్తుట మనుష్యహృదయమునకు సహింపరానిది. రాత్రి రెండు గంటల ప్రాంతమున మెర్సిడిస్ వారు, తమ బండియే అందరికంటె ముందున్నను, మిగిలిన తమ బండ్లను వెనుకకు పిలిపించుకొని వెడలిపోయిరి. జాగ్వార్ వారినికూడ అట్లు చేయుడని కోరిరి, వారు ఒప్పుకొనలేదు. మరునాడు సాయంకాలము హాథార్నును వాని జతగాడు ఐవర్ బూబును గెలిచినట్లు ప్రకటింపబడిరి. గెలుచుచుండియు మానినవారిది ఒక యోరిమి. గెలుపుకొరకు నిలిచినవారిది మరియొక యోరిమి. రెంటిలో ఏది యెక్కువదో మేము చెప్పము. మా అక్కగారు మాత్రము వెంటనే చెప్పెను.

ఆ పిమ్మట లమాన్‌లో పంచలను పడగొట్టి వెనుకకు జరిపి కట్టిరి, బాటను వెడల్పుచేసిరి, జనులు నిలుచు స్థలమును దూరము చేసిరి. స్విట్జర్లాండు దేశమువారు వలయమార్గములపై మోటారు పందెములనే చట్టముచే నిషేధించి, ఆ నిషేధమును ఎన్నో దశాబ్దములు నిలిపియుంచిరి. ఇటలీలో మాత్రము పల్లెల నడుమనుండి పోవు వేయిమైళ్ల పందెము ఇంకను సాగినది. 1957 మే 12 వ తేదీన గుయిదిజొలో అను నూరియొద్ద ఒక బండి టైరు ప్రేలి జనులలోనికి దూకగా, బండిలోని యిద్దరును, చూచుచున్న 9 మందియు చనిపోయిరి. ఆ 9 మందిలో 5 గురు పిల్లలు. వారు టిక్కెట్టు కొని దూరదేశమునుండి వచ్చినవారు కారు. తమ యూరి బాట ప్రక్కన నిలిచినవారు. గూటాలలోనో తాళ్లపూడిలోనో గట్టుమీద నిలిచిన పిల్లలకును వారికిని భేదమేమి?

చట్టము వచ్చువరకు ఎదురుచూడక, ఒక్క మనుష్యుడు తన నడవడిచేతనే యొక దురాచారమును మాన్పిన కథయు ఈ పందెపు చరిత్రలోనే కలదు. లమాన్‌లో పూర్వము చోదకులు బాటకు ఒకప్రక్క నిలిచి, జెండా వంగగానే పరుగెత్తి, అవతలనున్న తమ బండ్లలోనికి దూకి బయలుదేరెడి ఆచారముండెను. చూచువారికి అది గొప్ప వేడుక. కాని యా తొందరలో ప్రాణరక్షకమైన నడికట్టును సరిగా బిగించుకొనువారు అరుదు. 1969 వ సంవత్సరమున జాకీ ఇక్స్ అను బెల్జియమువాడు, ఇరువదినాలుగేండ్ల పడుచువాడు, అందరును పరుగెత్తుచుండగా తాను మెల్లగా నడచిపోయి, బండిలో కూర్చుండి, నడికట్టును నిదానముగా బిగించుకొని, అందరికంటె కడపట బయలుదేరెను. ఆనాడే మొదటి చుట్టులోనే, నడికట్టు బిగించుకొనని చోదకుడొకడు బండి బోల్తాపడి మరణించెను. 24 గంటల పిమ్మట, నూరుగజములకు కొంచెము హెచ్చైన దూరమున, ఇక్సే గెలిచెను. మరుసటి యేటినుండి పరుగెత్తు నాచారము పోయినది. వాడు ఉపన్యాసము చేయలేదు, పందెమును బహిష్కరింపలేదు. నడచెను, అంతే. సంస్కారము కోరువారు ఈ కథను తమ పిల్లలకు చెప్పదగును. పెండ్లిలో కట్నము వలదని ఒక్క వరుడు నిదానముగా చెప్పినను, ఊరేగింపులో బాణసంచా వలదని ఒక్క తండ్రి చెప్పినను, పరుగెత్తువారి నడుమ నడచినవాడే యగును.

ఇంతవరకు చెప్పినది పరదేశపు కథ. 24 గంటల యోరిమి పందెము మా పోలవరమునకును క్రొత్తది కాదు. 2019 వ సంవత్సరము జనవరి 6 వ తేదీ ఉదయము 8 గంటలు మొదలుకొని మరునాటి యుదయము 8 గంటల వరకు మా ప్రాజెక్టునొద్ద నిలుపకుండ కాంక్రీటు పోసిరి. ఆ 24 గంటలలో పోసినది 32,315.5 ఘనపు మీటర్లు. దుబాయిలో అంతకుముందున్న లెక్కను ఇది మించినదని గిన్నిసు పుస్తకమువారు పత్రమునిచ్చిరి. ఆ రాత్రి మా డాబామీదనుండి చూడగా కొండలవైపు ఆకాశమంతయు వెలుగుచుండెను. పనివారిలో మన తెలుగువారును, బీహారు, ఒడిస్సా మొదలగు దూరప్రాంతములవారును ఉండిరి. చలిరాత్రి కునుకులేక నిలిచిన ఆ కూలివారి యోరిమిని మేము మనసార మెచ్చుకొంటిమి, నేటికిని మెచ్చుకొనుచున్నాము.

అయినను ఆ గడియారము కొలువని యోరిమి యొకటి కలదు. ఈ యానకట్టను గూర్చిన తలంపు 1940 దశకమున రామపాదసాగరమను పేర పుట్టినది. 2021 జూన్ నెలలో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించిరి. వరదలకు దెబ్బతిన్న డయాఫ్రమ్ గోడకు మారుగా క్రొత్తగోడ పనిని 2025 జనవరిలో మొదలుపెట్టిరి. ఈ నడుమ, ముంపులోనికి వచ్చు పల్లెలవారు, అందు పెక్కుమంది కొండరెడ్లు, కోయలు, ఇంచుమించు లక్ష కుటుంబములవారు, ఎప్పుడు లేవవలెనో ఎచట దిగవలెనో యని ఏండ్లతరబడి ఎదురుచూచిరి. 2022 జూలైలో భద్రాచలమునొద్ద గోదావరి 71 అడుగులు దాటినపుడు కుకునూరు, వేలేరుపాడు మండలములవారు ఇండ్లు విడిచి గుట్టలెక్కిరి. వారును ఓరిమి పందెములో నున్నవారే. కాని వారు పేరు నమోదు చేయించుకొని దిగినవారు కారు. వారి గంటలను లెక్కించి పత్రమిచ్చు పుస్తకము లేదు. ఆనకట్ట వలదని మేమనుట లేదు. డెల్టాకు నీరు కావలెను. మేమనునది ఇంతే: ప్రతి యోరిమి పందెమునకును ఇష్టపడి దిగినవారు కొందరు, దిగకయే ఓర్చుకొనువారు కొందరు ఉందురు. మనము కొలుచునది మొదటివారి యోరిమి, ఖర్చగునది రెండవవారిది.

మా మేనల్లుని కథ ఏమైనదని చదువరులు అడుగుదురు. వాడు ఇంజనీరు బుద్ధి గలవాడు గనుక మొదట "అయితే మలుపుల దగ్గర టార్చిలైట్లతో మనుషుల్ని పెడతాం మావయ్యా" అనెను. "లమాన్ వారును రాజబాటలమీదనే పరుగెత్తుదురు. కాని ప్రభుత్వపు సెలవుతో ఆ బాటలను మూసి, ఫలానివేళ ఇచటికి రావలదని ఊరివారికందరకు ముందుగా చెప్పి పరుగెత్తుదురు. నీ టార్చిలైటు పాలు తెచ్చు నామెకు ఏమి చెప్పును? ఆమెను నీవు అడిగితివా?" అంటిమి. వాడు ఆమె నడుగుటకు నిజముగానే పోయెను. ఆమె వానితో ఏమనెనో మాకు చెప్పలేదు. మూడుదినములకు వాడును స్నేహితులును పంచాయతీవారియొద్దకును పోలీసువారియొద్దకును పోయి, కనుమనాడు ఉదయము ఏడు మొదలు తొమ్మిదివరకు, దండోరా వేయించి, ఊరికిని పట్టిసీమకును నడుమ బాటను మూయించి, మామూలు సైకిళ్లతో పందెము పెట్టుకొనిరి. పదునెనిమిదిమంది దిగిరి. ఇద్దరికి గొలుసులు తెగినవి. ఒకడు ఆయాసముతో మధ్యలో మానెను. రాత్రి తిరుగుడులోనున్న మజా ఇందులో లేదని నలుగురైదుగురు సణిగిరి. వారిలో మా వాడును ఒకడని మేము దాచము. గట్టునకు క్రిందుగా, త్రాడుకట్టిన యవతల, కుర్చీలు వేసికొని ముసలివారు చూచిరి. పాలు పోయు నామెయు చూచెను.

సాహసమును నిర్మూలింపవలెనని మేము కోరము. సాహసమునకు తగిన స్థలము నీయకుండ, గట్టుబాటపై చచ్చిన యువకులను గూర్చి వగచుట నిష్ప్రయోజనము. 2023 ఫిబ్రవరి 11 వ తేదీన హైదరాబాదున హుస్సేనుసాగరపు టొడ్డున విద్యుద్బండ్ల పందెము జరిగినపుడు బాటకు ఇరువైపుల కాంక్రీటు దిమ్మలును ఎత్తైన కంచెలును నిలిపిరి. ఆ దిమ్మలవెనుక 1955 నాటి 83 మంది యున్నారని చూచినవారిలో ఎందరికి తెలియును? ఈనాడు లమాన్‌లో ఏ చోదకుడును మొత్తముమీద 14 గంటలకు మించి నడుపరాదు. లెవెగు 23 గంటలు కూర్చున్నది ఒకనాడు వీరత్వము; నేడది నియమోల్లంఘనము. లోకము ఈ విధముగా కొంచెము కొంచెముగా నేర్చుకొనుచున్నది. నేర్చుకొనుటకు ప్రతిమారు ప్రాణములే వెలగా చెల్లింపనక్కర లేదనుటయే మా మనవి.

కావున మీ యూరిలో ఏ వేడుక తలపెట్టినను, అది పందెము గానిండు, తీర్థము గానిండు, ఊరేగింపు గానిండు, ఇంటిపెద్దలు మూడు ప్రశ్నలు అడుగుడు. వేడుకలో దిగనివారు ఎవరెవరు దాని ప్రక్కన నుందురు? కీడు మూడినపుడు దానిని ఆపు నధికారము ఎవరిది, ఆపిన జనులు ఏ దారిని పోవుదురు? అంతయు ముగిసిన పిమ్మట గాయపడినవారి యింటికి పోయి కనుగొనువారు ఎవరు? ఈ మూటికిని పేరుపేరున ఉత్తరము దొరకనిచో చందా ఈయకుడు.

ఇది మోటారులేని వేడుకలకును చెల్లును. 2015 జూలై 14 వ తేదీన, గోదావరి పుష్కరముల మొదటి యుదయమున, రాజమహేంద్రవరమున నొక్క రేవునకే వేలకొలది జనులు ఒక్కమారు త్రోసికొని వచ్చుటచే 27 మంది నలిగి చనిపోయిరి. అచట పరుగెత్తిన యంత్రమేదియు లేదు. మొదటిదినమున మొదటి గంటలో మునుగవలెనను త్వర మాత్రమే యున్నది. పుష్కరములు పండ్రెండు దినములు; గోదావరి పండ్రెండు దినములును ఒక్కటియే. ఆ పుష్కరములకు మరల వంతు 2027 వ సంవత్సరము. అప్పటికి మీ యింట ముసలివారును పిల్లలును ఏ దినమున, ఏ రేవున, ఎవరి చేయి పట్టుకొని దిగవలెనో ఇప్పుడే నిశ్చయించుకొనుడు. పట్టిసీమనుండి నరసాపురమువరకు రేవులు కొదువ లేవు. మొదటిదినమును ఇతరులకు విడిచిపెట్టుడు.